క్లైమాక్స్ లేదు, పెళ్లుంది

ఆమదాలవలసలో స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్.
కొత్తగా దిగినవాడు ఊరు తప్పాననుకుంటాడు.
ఆ రోడ్డు మీదే, సైకిల్ షాపు మేడ మీద
గేదెల ముఖలింగం వీడియో లైబ్రరీ.
క్యాసెట్టు రోజుకి పది రూపాయలు,
రివైండ్ చెయ్యకుండా తెస్తే పదకొండు.

ఆ పదకొండో రూపాయి నా జీతం.
తొమ్మిదో తరగతి సెలవులన్నీ
కరెంటున్నంతసేపూ దెయ్యాల్ని వెనక్కి నడిపించాను,
చచ్చినవాళ్లని లేపి కూర్చోబెట్టాను.

పెద్ద హీరోల సినిమాలకి ముఖలింగం ఏమీ రాసేవాడు కాదు.
"ఆళ్లకి గోడలున్నాయిరా గుంటడా, ఆళ్లకి నానెందుకు?"
చీటీ రాసి అట్ట లోపల అంటించేది
మూడు రోజులాడి ఎత్తేసినవాటికే:
పాము పగలు, గబ్బిలం మనుషులు,
నోరొకటి మాటొకటిగా తిరిగే డబ్బింగు పిశాచాలు.

"పులి బొమ్మదే. దాన్ని చూసి భయపడిన కుర్రాడు మాత్రం నిజం."

"ఇంటర్వెల్ తర్వాత దెయ్యానికి జలుబు చేసింది. అయినా ఒక్కరోజు సెలవు పెట్టలేదు."

"నలభై మూడో నిమిషంలో వెనకాల లైట్ బాయ్
టీ గ్లాసుతో దాటుతాడు. నవ్వకండి. రాత్రి షూటింగు."

చెత్త అన్న మాట ఏ చీటీలోనూ లేదు.
ఎందుకని అడిగితే కళ్లజోడు లుంగీతో తుడుచుకుని
"సెత్తని సెప్పడానికి సినిమా సూడాలేటి?"

నంబరు రెండువందల పన్నెండు. పాడుబడ్డ బంగళా కథ.
ఆ చీటీ ఒక్కటే రెండు కాగితాలు:

"క్లైమాక్స్ లేదు.
విరిగిన చెవి మీద సెల్లోటేపు అతికి
ఎవరో పైన రికార్డు చేసీసినారు.
హీరోయిన్ దీపంతో నేలమాళిగ తలుపు తీస్తుంది,
తెల్లచారలు, గర్రుమని చప్పుడు,
అక్కణ్ణించి ఏడు నిమిషాలు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పెళ్లిభోజనాలు.
వెనకాల చక్కెర గొట్టం పొగ బాగా పడింది.
వంకాయకూర వడ్డించే మనిషిని చూడండి.
సినిమా మొత్తంలో తొందర లేనివాడు అతనొక్కడే."

దాన్ని అందరూ ఒకసారి తీసుకెళ్లి తిట్టుకుంటూ తెచ్చారు.
సనపల నీలవేణి తొమ్మిదిసార్లు తీసుకెళ్లింది.
ఎప్పుడూ పదకొండే ఇచ్చేది.
టేపు ఎప్పుడూ ఒకేచోట ఆగి ఉండేది:
అతను బకెట్టు ఎడంచేతికి మార్చుకుని
ఇంకో గరిటె వెయ్యనా అన్నట్టు వంగినచోట.

నేను బటను మీద వేలు పెడితే
ముఖలింగం నా చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ. మళ్లీ ఆ పిల్లే కదా పట్టికెళ్తాది."
తరవాత, సగం నాకు, సగం రిజిస్టరుకి:
"ఆళ్ల నాన్న."

ఫ్యాక్టరీ మూసేశారు. పొగ ఆగింది.
ఒక వర్షాకాలం మేడ కారి
టేపులకి తెల్లటి బూజు పట్టింది.
ముఖలింగం వాటిని విప్పి,
మెత్తటి గుడ్డతో మీటరు మీటరూ తుడిచాడు
రెండువందల పన్నెండు దాకా రాకుండానే పోయాడు.

ఇప్పుడు చీటీలు నేను రాస్తున్నాను, డిస్కులకి.
నిన్న కొరియర్లో ఆ బంగళా వచ్చింది,
ఎవరో ఓపికున్నవాళ్లు నెగటివ్ వెతికి గీతలన్నీ తీసేశారు.
చీకటిలో ఇన్ని చీకట్లున్నాయని తెలీదు నాకు.
గబ్బిలానికి కట్టిన దారం కనిపిస్తోంది,
దాని ముడి కూడా.
అదనంగా ముసలి డైరెక్టరు మాటలు, మధ్యలో దగ్గు.

ఇరవయ్యారేళ్లకి తలుపు తెరుచుకుంది.
దెయ్యం ఉంది. కాగడా ఉంది. మంట,
తెల్లారడం, పోలీసు జీపు.
బాగానే ఉంది.
నా విస్తట్లో మాత్రం ఏమీ పడలేదు.

రాయడానికి ముందు మళ్లీ పెట్టాను.
దీపం, మెట్లు, గొళ్లెం మీద చెయ్యి.
అక్కడ ఆపాను.
లేచి టీ పెట్టుకున్నాను. గడియారం చూస్తూ
ఏడు నిమిషాలు తాగాను.
తర్వాతే దెయ్యాన్ని చావనిచ్చాను.